గన్నేరు మీది పద్నాలుగు గూళ్ళు

చిరంజీవి కోడలు పిల్లకు, అత్త దీవించి రాసేది.

ఇక్కడ మనుషులం ఇద్దరం క్షేమం. మొక్కలు, పురుగులు, రెక్కలొచ్చినవి ఎలా ఉన్నాయన్నది ఒక్క వాక్యంలో తేలే సంగతి కాదు గనక కింద విడిగా రాస్తాను. అక్కడ నువ్వూ, నీ లిఫ్టులూ, నీ కింద పనిచేసే నలుగురూ బాగున్నారని తలుస్తాను. పంతొమ్మిదో అంతస్తులో తాళ్ళు పట్టుకుని వేలాడుతూ అన్నం తిన్నానని గొప్పగా రాశావు. ఇకమీదట తిన్నా నాకు రాయకు.

నీ ఉత్తరం అంది ఇవాళ్టికి పదమూడు రోజులు. ఇంత ఆలస్యం నా అలవాటు కాదని నీకు తెలుసు. ముప్పై నాలుగేళ్ళుగా లాండ్రీ నడుపుతున్నాను, ఇస్తానన్న రోజున ఒక్క చొక్కా అయినా ఇవ్వకుండా ఉన్నది లేదు. ఫోనులో చెప్పేయొచ్చు కదా అంటావు. ఫోనులో "హలో" అన్నాక ఏమనాలో నాకు ఇప్పటికీ తెలియదు, అది నీ మొగుడి విద్య. ఈ ఉత్తరం మాత్రం మూడుసార్లు రాసి మూడుసార్లు చింపాను. మూడూ చాలా మర్యాదగా వచ్చాయి. అందుకే చింపాను.

నువ్వు అడిగిన అసలు ప్రశ్న మరిచిపోలేదు. ఆ ఆసుపత్రి భవనంలో లిఫ్టులు బిగించడం ఈ నెలాఖరుతో అయిపోతుంది, కంపెనీవాళ్ళు పక్క భవనాల పని కూడా నీకే ఇస్తామంటున్నారు, ఒప్పుకుంటే ఇంకో రెండేళ్ళు అక్కడే, ఇరవయ్యో తేదీలోపు సంతకం పెట్టాలి. "మీ అబ్బాయి నీ ఇష్టం అన్నారు. మీరే చెప్పండి అత్తయ్యా, మీరెలా అంటే అలా" అని రాశావు. చెబుతాను. ముందు నీ చిన్న ప్రశ్నలకు జవాబులు చెప్పనీ. పెద్ద మరక మీద చెయ్యి వేసేముందు చిన్నవాటిని వదిలించుకోవడం నా పద్ధతి.

సీతాకోకచిలుకలకు పళ్ళెంలో పండు పెడుతున్నారా అని అడిగావు. పెడుతున్నాను తల్లీ. మగ్గి, నల్లబడి, పట్టుకుంటే జారిపోయే అరటిపండును పారెయ్యకుండా పళ్ళెంలో పెట్టి, ఇంకాస్త కుళ్ళమని దానిమీద నీళ్ళు చిలకరించే రోజు నా జీవితంలో వస్తుందని కలలో కూడా అనుకోలేదు. చీమలెక్కకుండా నువ్వు చెప్పినట్టే పళ్ళేన్ని నీళ్ళ బేసిన్లో నిలబెట్టాను. మొన్న పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసి, "ఏమిటండీ అది, ఎలుకల మందా?" అంది. "కాదండీ, మా కోడలి తరఫు చుట్టాలకు పలహారం" అన్నాను. ఆవిడ రెండు రోజులుగా నాతో మాట్లాడటం లేదు. అది కూడా నీ మొక్కల వల్ల జరిగిన మేలే.

అవి వాలి నీళ్ళు తాగే బురద మడిలో చిటికెడు ఉప్పు వెయ్యమన్నావు, వేస్తున్నాను. కానీ నీ పుస్తకంలో లేని రహస్యం ఒకటి నేను కనిపెట్టాను. పోయిన నెలలో ఒకరోజు నీ మొగుడు వ్యానులోంచి మూటలు దించి, చెమటతో ముద్దయి, పెరట్లో పీట మీద కూలబడ్డాడు. ఐదు నిమిషాలు కాలేదు, పసుపువి రెండు వచ్చి వాడి బనీను వీపు మీద వాలాయి. తర్వాత ఇంకో మూడు. చెమటలో ఉప్పు కోసమట. నేను లోపల్నించి వచ్చి, "లేవరా, హోటలు దుప్పట్లు ఇంకా వ్యానులోనే ఉన్నాయి" అన్నాను.

"అమ్మా, మెల్లగా మాట్లాడు. కదిలితే ఎగిరిపోతాయి" అన్నాడు, పెదవులు కూడా కదపకుండా.

"ఎంతసేపురా?"

"వాటికి కడుపు నిండేదాకా. నీ కోడలికి తెలిస్తే ఎంత సంతోషిస్తుందో!"

గంటన్నర కూర్చున్నాడు. పని ఎగ్గొట్టడానికి వీడు చిన్నప్పటి నుంచి వెయ్యి సాకులు చెప్పాడు గాని, సీతాకోకచిలుకల్ని అడ్డం పెట్టుకోవడం ఇదే మొదలు. నేను తక్కువదాన్నా? మర్నాడు వాడి బనీను విప్పించి, ఉతక్కుండా అలాగే తాడు మీద ఆరేసి, వాణ్ణి పనికి తోలాను. అవి బనీనుకే వస్తున్నాయి, మనిషి అక్కర్లేదు. ఇప్పుడు రోజుకొక బనీను. లాండ్రీ ఇంటి పెరట్లో ఉతకని బనీను అందరికీ కనబడేలా వేలాడుతోంది. బట్టలు వేసి పోయేవాళ్ళు చూసి ఏమనుకుంటున్నారో అడగకు.

లెక్క ఎలా పెడుతున్నారని అడిగావు. ఉదయం తొమ్మిదింటికి గోడ మీద ఎండ పడగానే ఏప్రాను కుడి జేబు నిండా బట్టల క్లిప్పులు పోసుకుని కూర్చుంటాను. ఒక్కొక్కటి కనబడగానే ఒక క్లిప్పు ఎడమ జేబులోకి పోతుంది. పావుగంట అయ్యాక ఎడమ జేబు లెక్కపెడితే సరి. ఒకదాన్నే మూడుసార్లు లెక్కపెడుతున్నారేమో అని అనుమానం వెలిబుచ్చావు. ఒకే అంగడిలో కొన్న అరవై తెల్ల చొక్కాల్లో ఎవరిది ఏదో చెప్పగలిగినదాన్ని, నాకు ఆ మాట చెప్పొచ్చావా? ఏ అంచు చిరిగింది, ఏ మూల వెలిసింది చూస్తే చాలదూ!

నీ పుస్తకంలో పేర్లు మాత్రం నాకు నోరు తిరగవు. నా పేర్లు నేను పెట్టుకున్నాను. జిల్లేడు దగ్గర తిరిగే నారింజరంగుది, నల్ల అంచు మీద తెల్ల చుక్కలున్నది, దాని పేరు పరదా. చిన్న పసుపువి రుమాళ్ళు. నిమ్మచెట్టును వదలని నలుపూ పసుపూ గళ్ళది హోటలు చొక్కా. వెనక ఎండ ఉంటే రెక్కలోంచి అవతలి ఆకు కనబడేది ఒకటుంది, లేత నీలం గీతలది, అది జార్జెట్టు. మొన్న గురువారం ఎడమ జేబులో ముప్పై ఒక్క క్లిప్పులు తేలాయి. నువ్వున్నప్పుడు ఎక్కువలో ఎక్కువ ఇరవై ఆరు. ఈ ముక్క రాయకపోతే నాకు తిన్నది అరగదు.

పురుగుల మందు జోలికి పోలేదు, ఒట్టు. జిల్లేడుకు ఇప్పుడు కాడలే మిగిలాయి. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టేవాళ్ళను చూశాను గాని, వాసాలు కూడా తినేసేవాళ్ళను ఇప్పుడే చూస్తున్నాను. ఆకులు ఊడవడం లేదు. చీపురు పట్టుకుని పెరటి గుమ్మం దాకా వెళ్ళి, నువ్వు తలుపుకు అంటించిన కాగితం చదువుకుని, వెనక్కి వస్తున్నాను. రోజుకు రెండుసార్లు ఇదే వ్యాయామం.

ఇక గన్నేరు.

నువ్వు మొక్క నాటి మూడేళ్ళు. ఆ రోజు మనిద్దరికీ అయిన గొడవ వీధి చివర దాకా వినబడింది. దుప్పట్లు ఆరేసే నాలుగు తాళ్ళలో ఒకటి విప్పించి అక్కడ గన్నేరు పెట్టావు. ఆకు నోట్లో పెడితే మనిషి బతకని మొక్కను బతికించడానికి నా తాడు పోవాలా అని నేను. ఆ ఆకే తిని బతికే పురుగు ఉంది, దానికోసం అని నువ్వు. రెండేళ్ళు గుడ్లు పెట్టాయి, ఒక ఏడాది కందిరీగలు ఎత్తుకుపోయాయి, ఇంకో ఏడాది నేను గోడ కడిగిన నీళ్ళకు కొట్టుకుపోయాయి. ఒక్క గూడు కూడా కట్టలేదు. నువ్వు అటు వెళ్ళిన నాలుగో నెలలో, అదీ ఎవరూ పిలవకుండా, పద్నాలుగు కట్టాయి. ఆకుల కింద కొన్ని, వెనక గోడకు కొన్ని. బంగారు పూత పూసిన గుండీల్లా తలకిందులుగా వేలాడుతూ ఉండేవి. నీ మొగుడు ఫోనులో చెబితే నువ్వు కేక పెట్టావట. "నేను చూడకుండానే ఎగిరిపోతాయేమో, రోజూ ఎలా ఉన్నాయో చూసి రాయండి" అని ఉత్తరంలో మూడు గీతలు గీసి రాశావు.

చెబుతాను గాని, అక్కడ తాడు మీద ఉండగా చదవకు, నేల మీదకి దిగి చదువు. నీ ఉత్తరం వచ్చిన రోజే మధ్యాహ్నం వెనక గోడ దులుపుతుంటే పొరపాటున బ్రష్షు వాటికి తగిలింది. తగిలి రాలాయి. పద్నాలుగూ రాలాయి. పద్నాలుగు పొరపాట్లు ఒకేసారి ఎలా జరిగాయని అప్పుడే అడగకు.

రెండు చితికిపోయాయి. మిగిలిన పన్నెండూ ఏరి రుమాల్లో పోసుకుని లోపలికి తెచ్చాను. నీ మొగుడు అప్పుడే వచ్చాడు. రుమాలు చూశాడు, నా మొహం చూశాడు, నేల మీద చతికిలబడ్డాడు. "అమ్మా, ఇప్పుడు నేను దానికేం చెప్పాలి?" అన్నాడు. "ఏమీ చెప్పకు. అడిగితే బాగున్నాయను" అన్నాను. ఈ పదమూడు రోజులూ వాడు ఫోనులో నీతో ఆడిన అబద్ధాలు నావి. వాణ్ణి ఏమీ అనకు.

వాడే నీ పుస్తకం తీసి చదివాడు. గూడు కింద పడి ఉంటే లాభం లేదట, తల కిందకి పెట్టి వేలాడదియ్యాలట, లేకపోతే లోపలిది బయటకు వచ్చినా రెక్కలు విచ్చుకోవట. జిగురు సీసా తెస్తానన్నాడు. ఆ కంపు జిగురు నా ఇంట్లోకి తేవద్దన్నాను. ముప్పై నాలుగేళ్ళుగా నాకు తెలిసిన జిగురు ఒకటే. చిక్కగా గంజి కాచాను. చల్లారనిచ్చాను. బట్టల మీద గుర్తులు వెయ్యడానికి వాడే తెల్లగుడ్డ పీలికలు పన్నెండు కత్తిరించి, ఒక్కొక్కదాని చివర గంజి రాసి, గూడు తోక దగ్గరున్న నూగును దానికి అద్ది, ఆరేదాకా వేలితో పట్టుకుని కూర్చున్నాను. ఒక్కొక్కదానికి పావుగంట. తర్వాత మడతలగదిలో కిటికీ పక్కన, ఇస్త్రీ వేడి తగలని చోట, దారం కట్టి క్లిప్పులతో వరసగా తగిలించాను. పీలికల మీద చెరగని సిరాతో ఒకటి నుంచి పన్నెండు దాకా నంబర్లు వేశాను. నంబరు లేకుండా నా దగ్గర ఏదీ వేలాడదు. బట్టల పుస్తకంలో కొత్త పేజీ తీసి, పేరు దగ్గర "కోడలు" అని, వస్తువు దగ్గర "గూళ్ళు, పన్నెండు" అని రాశాను. ఇవ్వాల్సిన తేదీ దగ్గర ఏం రాయాలో తెలియక వదిలేశాను.

"గంజి మరీ ఎక్కువైతే గట్టిపడి ఊపిరాడదేమో అమ్మా" అన్నాడు నీ మొగుడు.

"నాకు చెబుతున్నావురా గంజి సంగతి!" అన్నాను. అన్నాను గాని, ఆ రోజు నుంచి గంటకోసారి వెళ్ళి చూడటమే నా పని. నాలుగో నంబరు జారింది, మళ్ళీ అతికించాను. గంజి వాసనకు బొద్దింకలొస్తాయని గది నాలుగు మూలలా కాపలా కాశాను. నీ మొగుడేమో వాటి ముందు నిలబడి చప్పుడు చెయ్యకుండా తుమ్మడం నేర్చుకున్నాడు.

ఐదో రోజు మూడో నంబరు నల్లబడింది. నా ప్రాణం పోయిందనుకో. కుళ్ళిపోయిందనే అనుకున్నాను. నల్లబడటం కాదు, గూటి గోడ పలచబడి లోపలి రెక్క కనబడటమట. పది గంటలకు పగిలింది. అంత బంగారంలోంచి ఏ మహారాణి వస్తుందో అని కళ్ళు కాయలు కాసేలా చూస్తే, బయటకొచ్చింది నల్లకోటు వకీలు! అంచున తెల్ల చుక్కలు తప్ప మరే సింగారమూ లేదు. "దీనికోసమా నా తాడు పోయింది?" అన్నాను పైకే. అది నా మాట లెక్కచెయ్యకుండా రెక్కలు ఆరబెట్టుకుని, కిటికీలోంచి కోర్టుకు పోయినట్టు పోయింది. చెప్పొద్దూ, దాని వెనకే పెరట్లోకి పరిగెత్తాను. ఎగురుతుంటే ఎండలో ఆ నలుపు మీద నీలం మెరిసింది. అంత మంచి నలుపు రంగు నేను ఏ బట్ట మీదా చూడలేదు.

తర్వాత రోజుకు ఒకటి రెండు. ఆరో నంబరు వచ్చిన రోజు సంగతి నువ్వు వినాలి.

మన గంజి కాలరును మరిచిపోలేదు కదా. కోర్టు గుమాస్తాగా చేసి దిగిపోయిన పెద్దమనిషి, కాలరు మీద పెన్సిలు నిలబెట్టి, అది పడకపోతేనే చొక్కా తీసుకునేవాడు. నువ్వు ఒకసారి మడత తప్పు పెట్టావని నీచేత మూడుసార్లు మడత పెట్టించినవాడు. ఆయనకు పదకొండు గంటలకు పాత ఉద్యోగుల సభలో ప్రసంగం ఉంది. దానికోసం తెల్లకోటు ఇచ్చాడు. ఉతికి, ఇస్త్రీ చేసి, మడతలగదిలో గూళ్ళ దారం పక్కనే కొక్కేనికి తగిలించాను. అదే నా బుద్ధి తక్కువ. ఆరో నంబరు గూట్లోంచి జారి, పట్టు దొరక్క, పక్కనే ఉన్న కోటు చేతిని పట్టుకుని పాకి, జేబు దగ్గర వేలాడింది. వేలాడి ఊరుకుందా? పుట్టగానే ఒంట్లో మిగిలిన రంగునీళ్ళు వదులుతాయట. ఎర్రగా, మట్టిరంగుగా, నాలుగు చుక్కలు. తెల్లకోటు మీద. ముప్పై నాలుగేళ్ళలో నాకు తెలియని మరక లేదనుకున్నాను. ఈ మరక తెలియదు.

సరిగ్గా అప్పుడే ఆయన వచ్చాడు.

"నా కోటు."

"ఇవాళ కుదరదండీ."

ఈ మాట నా నోట్లోంచి వచ్చిందని నాకే నమ్మకం కలగలేదు. ఆయనైతే తన చెవులు పనిచెయ్యడం మానేశాయనే అనుకున్నాడు.

"కుదరదంటే? అదుగో, నాకు కనబడుతోంది!"

"కనబడుతోంది గాని, దాంట్లో ఇంకొకరున్నారు."

"నా కోటులోనా? ఎవరు?"

"మీరే చూడండి. ముట్టుకోకండి."

కళ్ళజోడు పెట్టుకుని దగ్గరికి వెళ్ళాడు. ముందు మరకే కనబడింది, ఆయన ఎంతైనా ఆయనే. మొహం కందగడ్డలా అయింది. నీ మొగుడు భయపడి, "సార్, ఒక్క క్షణం, నేను దీన్ని మెల్లగా చేతి మీదకి ఎక్కించుకుంటాను" అని చెయ్యి చాపాడు. గంజి కాలరు వాడి చేతి మీద టపీమని కొట్టాడు.

"ముట్టుకోకు! చూడు, అంచు ఇంకా వాలిపోయి ఉంది. గంజి పట్టలేదు. ఇప్పుడు కదిలించావంటే జన్మంతా అలాగే ఉండిపోతుంది."

చూడు, మనిషి తనకు తెలిసినదాన్ని ఎక్కడున్నా పోల్చుకుంటాడు. నేను కుర్చీ వేశాను. కూర్చోలేదు. చేతులు వెనక్కి కట్టుకుని, రెక్కలు ఒక్కొక్క మడతా విచ్చుకుని నిటారుగా నిలబడేదాకా చూశాడు. జేబులోంచి పెన్సిలు తీసి నిలబెట్టి చూస్తాడేమోనని ఒక క్షణం భయపడ్డాను కూడా. పదకొండుంపావుకు సభవాళ్ళు మనిషిని పంపారు. ఆయన్ను కోటు లేకుండా ఎలా పంపను? పక్క కొక్కేనికున్న ఇంకొకరి కోటు తీసి తొడిగాను. ఆ చేతులు ఆయన వేళ్ళు దాటి ఇంకో జానెడు వేలాడాయి. ఒకరి బట్ట ఇంకొకరికి ఇవ్వడం ఈ వృత్తిలో మహాపాపం. ఎవరిదో నీకు రాయను, ఈసారి పన్ను నొప్పెడితే నేను ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలో అదే తెలియడం లేదు.

సాయంత్రం తిరిగొచ్చాడు. కోటు గురించే అడుగుతాడనుకున్నాను. "ఎగిరిందా?" అన్నాడు. ఎగిరిందన్నాను. తల ఊపి వెళ్ళిపోయాడు. ఆ మరక చన్నీళ్ళకు సగం పోయింది, మిగతా సగం ఇంకా నానుతోంది.

ఇక్కడిదాకా చదివి నవ్వే ఉంటావు. నవ్వించాలనే రాశాను. ఇప్పుడు నవ్వడం ఆపి చదువు.

పది ఎగిరాయి. పదకొండో నంబరు పగల్లేదు, ఇక పగలదు. ఎనిమిదో నంబరు గంజి కాలరు వచ్చిన మర్నాడు బయటకొచ్చింది. కుడి రెక్క విచ్చుకుంది. ఎడమది విచ్చుకోలేదు, ముద్దలా నలిగి అలాగే ఉండిపోయింది. మధ్యాహ్నం దాకా చూశాను. నా చేతికొచ్చిన ఏ గుడ్డా ముడతతో తిరిగి వెళ్ళలేదమ్మా. ఇస్త్రీపెట్టె పక్కనే ఉంది, నీళ్ళు పక్కనే ఉన్నాయి, నేను చెయ్యగలిగింది ఏమీ లేదు. వేలి మీదకి ఎక్కించుకుని అరటిపండు దగ్గర పెడితే తాగింది. నాలుగు రోజులు అలా వేలి మీదే తిప్పాను. నిన్న చచ్చిపోయింది. బ్రష్షు దానికి ఆ ఎడమ పక్కనే తగిలి ఉంటుంది.

పొరపాటున తగిలిందని పైన రాశాను. అది అబద్ధం.

నీ ఉత్తరం నిలబడే చదివాను. రెండేళ్ళు, సంతకం, అదంతా చదివినప్పుడు గుండెలో కలుక్కుమంది గాని ఓర్చుకున్నాను. మంచి పని, పదిమందిలో గౌరవం, ఎవరు కాదంటారు? దాని కింద ఇంకో వాక్యం రాశావు. "నేను లేకపోతే మీకూ హాయే కదా అత్తయ్యా, మొక్కలు తీసేసి మళ్ళీ నాలుగో తాడు కట్టుకోవచ్చు" అని. సరదాకే రాశావో, మనసులో ఉన్నదే రాశావో నాకు తెలియదు. నాకు ఒళ్ళు మండిపోయింది. మూడేళ్ళు ఒక ఇంట్లో తిని, తిట్టుకుని, ఒకే దుప్పటికి చెరోవైపు పట్టుకుని మడతపెట్టాక, ఈ పిల్లకు నా గురించి తెలిసింది ఇంతేనా అనిపించింది. "కడతానే, అలాగే కడతాను తాడు" అని గోడతో అని, పెద్ద బ్రష్షు తీసుకుని గన్నేరు దగ్గరికి పోయాను.

అవి ఏమిటో నాకు తెలుసు. బంగారంలా మెరిసేవాటిని మురికి అనుకునేంత గుడ్డిదాన్ని కాను. నువ్వు ఎన్నాళ్ళు వాటికోసం చూశావో కూడా తెలుసు. ఒకదాంట్లో నా మొహం చిన్నగా కనబడింది. అయినా ఆగలేదు. ఒక్కొక్కటీ చూసి చూసి దులిపాను. రెండు చితికి ఆ తడి చేతికి తగిలినప్పుడు ఆగాను, అప్పటికి ఆపడానికి ఏమీ మిగల్లేదు. అత్త మీద కోపం దుత్త మీద చూపించే కోడళ్ళ గురించి సామెత ఉంది. కోడలి మీద కోపం నోరులేని గూళ్ళ మీద చూపించిన అత్త గురించి ఎవరూ కట్టలేదు. ఇకమీదట కట్టుకోవచ్చు.

ఆ కోపం కూడా కోపం కాదని తర్వాత తెలిసింది. పన్నెండు గూళ్ళకు గంజి అద్ది పట్టుకుని కూర్చుంటే మూడు గంటలు పడుతుంది, మూడు గంటలు చేతులు కదపకుండా కూర్చుంటే మనిషికి చాలా తెలుస్తాయి. నువ్వు రెండేళ్ళు రావన్న మాటకు నాకు ఏడుపు రావలసింది. ఏడవడం చేతగాక బ్రష్షు పట్టాను.

చింపేసిన మూడు ఉత్తరాల్లోనూ, "సంతకం పెట్టమ్మా, మా గురించి ఆలోచించకు, నీ అభివృద్ధే మాకు కావాలి" అని రాశాను. ఎంత బాగా వచ్చాయో! పెన్సిలు నిలబెడితే పడదు. అందులో ఒక్క ముక్క నిజం లేదు. నువ్వు నా మాట అడిగావు. నా మాట ఇది: సంతకం పెట్టొద్దు. రా.

నీ మొగుడు మంచివాడే, నేనే కన్నాను, నాకు తెలుసు. పని ఎగ్గొడతాడు గాని ఎదురు చెప్పడు. పొద్దున్న "ఈ సబ్బు బాగాలేదురా" అంటే "అవునమ్మా" అంటాడు, సాయంత్రం "సబ్బు బాగానే ఉందిరా" అంటే దానికీ "అవునమ్మా" అంటాడు. ఈ ఇంట్లో నాకు ఎదురు చెప్పే మనిషి లేక ఐదు నెలలయింది. మొన్న నీ బదులు కూడా నేనే మాట్లాడుకుని పోట్లాడాను, ఇద్దరమూ ఓడిపోయాం.

నిజం దాచి నిన్ను రమ్మనొచ్చు. వాడు చెప్పడు, గూళ్ళన్నీ ఎగిరిపోయాయంటే నువ్వు నమ్ముతావు. కానీ అది మరక లోపలికి పోయేలా మడతపెట్టి బట్ట అప్పగించినట్టు. ఆ పని ఇన్నేళ్ళలో చెయ్యలేదు, నీ దగ్గర చెయ్యను. ఇదంతా చదివి, ఆ చేతులున్న ఇంటికి నేను రాను అనిపిస్తే సంతకం పెట్టు. నాకు అడిగే హక్కు లేదు. నీ గన్నేరుకు నీళ్ళు మాత్రం మానను.

కోపమొస్తే, కోపంతోనే రా. తగ్గేదాకా అక్కడ ఆగకు, అంతసేపు నేను ఓపిక పట్టలేను. చేతికి తడి తగిలిన ఆ రెండింటికీ, విచ్చుకోని రెక్కకూ, పగలని గూటికీ, ఒక్కొక్కదానికి ఒకరోజు చొప్పున నాలుగు రోజులు తిట్టు. నోరెత్తకుండా పడతాను. ఐదో రోజు నుంచి మాత్రం నేనూ అంటాను.

ఇట్లు,
తప్పు ఒప్పుకున్న
నీ అత్త